పండుగప్ప కోసం ఒక కర్ర

మా ఆయన ఐస్ ఫ్యాక్టరీల మెకానిక్. మంచు దిమ్మలు తయారుచేసే పెద్ద కంప్రెసర్లు మొరాయిస్తే సికింద్రాబాద్ నుంచి ఈయనను పిలిపించుకునేవాళ్లు. ఐస్ ఎక్కువగా కావలసింది చేపల రేవుల్లో. అందుకని పెళ్లయిన నాటి నుంచీ నెలలో సగం రోజులు ఆయన కోస్తాలోనే ఉండేవాడు. మిగతా సగం రోజులు రాంగోపాల్‌పేట్‌లో, మా రెండు గదుల వాటాలో, ఆ కోస్తా గురించి మాట్లాడుతూ ఉండేవాడు.

నిజాంపట్నం దగ్గర ఆయనకు గాలం అలవాటైంది. మిషన్‌లో ఏదో పార్టు విరిగితే, అది ఇక్కడి నుంచి అక్కడికి చేరేదాకా పని ఉండదు. ఫ్యాక్టరీ వెనక కాలువ, ఆ కాలువ పోయి కలిసే ఏరు, ఆ ఏరు సముద్రంలో పడే మొగ. పోటు వచ్చినప్పుడు ఉప్పునీళ్లు ఏట్లోకి ఎక్కుతాయి, పోటు తీసినప్పుడు మంచినీళ్లు సముద్రంలోకి తోసుకుపోతాయి. ఆ రెండు నీళ్లూ కలిసేచోట, మడచెట్ల వేళ్ల మధ్య పండుగప్పలు కాపేసి ఉంటాయని, మనిషి తొడంత లావువి ఉంటాయని, బతికున్న రొయ్యను గాలానికి గుచ్చి వదిలితే నోరంతా తెరిచి ఒక్కసారే లోపలికి లాక్కుంటాయని ఆయన చెప్పేవాడు. నేను బియ్యం చెరుగుతూనో, బట్టలు మడతపెడుతూనో వినేదాన్ని. వినడమంటే ఊ కొట్టడమే. నాకు చేపంటే ముక్కలు, చింతపండు, కారం. దానికొక తెలివి, ఒక మొండితనం ఉంటాయని నేనెప్పుడూ అనుకోలేదు.

నా పని బేగంపేటలో ఒక హోటల్లో. లాండ్రీ చూసుకుంటాను. గదుల నుంచి వచ్చే దుప్పట్లు, తువ్వాళ్లు, టేబుల్ గుడ్డలు మిషన్లలో వేయించడం, ఆవిరి ఇస్త్రీ చేయించడం, మరకలు పోనివి విడిగా తీయడం. సూపర్‌వైజర్ అని పేరే గానీ, మనుషులు తక్కువైన రోజు, అంటే దాదాపు ప్రతిరోజూ, తడి దుప్పట్లు నేనే మోస్తాను. రసూల్‌పురా నుంచి మెట్రో ఎక్కి రెండో స్టేషన్‌లో దిగడం సుఖమే. దిగాకే ఉంటుంది అసలు రోజు.

రెండేళ్ల కిందట ఒక పొద్దున ఆయన పళ్లు తోముకుంటుంటే చేతిలోంచి బ్రష్ జారిపోయింది. వంగి తీసుకోబోతే కుడిచేయి మాట వినలేదు. నోరు ఒక పక్కకు పోయింది. పక్షవాతం. ఆసుపత్రిలో చేయవలసినవన్నీ చేశారు. మాట తిరిగొచ్చింది, కాలు చాలావరకు వచ్చింది, కొద్దిగా ఈడుస్తాడు. చేయి మాత్రం రాలేదు. వేళ్లు ముడుచుకుంటాయి, కానీ పట్టు ఉండదు. చేయి ఛాతీ దాకా లేస్తుంది, అక్కడ ఆగిపోతుంది. స్పానర్ పట్టలేని మెకానిక్‌ను ఎవరు పిలుస్తారు? ఫోన్లు కొన్నాళ్లు వచ్చాయి, సలహాలు అడగడానికి. తర్వాత అవీ తగ్గాయి.

అప్పటి నుంచి ఆయన కోస్తా గురించి మాట్లాడటం మానేశాడు. నేను పొద్దున లేచి వండి, ఆయనకు స్నానం చేయించి, డ్యూటీకి పోయి, వచ్చి మళ్లీ వండి, ఆ చేతికి నూనె రాసి, రబ్బరు బంతి ఇచ్చి నొక్కమనేదాన్ని. ఆయన నొక్కేవాడు. టీవీ నడుస్తూ ఉండేది, ఇద్దరం చూసేవాళ్లం కాదు. పుణెలో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఫోన్ చేసి ఎట్లున్నరని అడిగితే, మంచిగున్నమని ఇద్దరం ఒకే గొంతుతో చెప్పేవాళ్లం.

ఒక సాయంత్రం నేను నూనె రాస్తుంటే ఆయన తన చేతినే చూసుకుంటూ అన్నాడు.

"నాకు గాలం కర్ర కావాలె."

ఇంట్లో కర్ర ఉంది కదా అన్నాను. సజ్జ మీద, పాత బట్టల మూటల వెనక, నల్ల టేపు చుట్టిన లావుపాటి గ్లాస్ ఫైబర్ కర్ర ఒకటి ఉంది. ఎన్నో ఏళ్లు దాన్ని నిజాంపట్నం తీసుకుపోయి తెచ్చాడు. కుర్చీ వేసుకుని దాన్ని దించాను. దుమ్ము తుడిచి ఇచ్చాను. ఆయన ఎడమచేత్తో మొదలు పట్టుకుని, కుడిచేతిని దాని మీదికి తెచ్చి, లేపబోయాడు. కర్ర కొస నేల మీద నుంచి జానెడు లేచి మళ్లీ నేలకు ఆనింది. ఇంకోసారి ప్రయత్నించాడు. తర్వాత దాన్ని మెల్లగా గోడకు ఆనించాడు.

"ఇది ఇగ నాతోని కాదు. వేరేది సూడాలె," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో చెప్పలేను. ఆ రోజు ఒక మిషన్ ఆగిపోయి, నీళ్లు కారుతున్న దుప్పట్లను నలుగురం పైఅంతస్తు మిషన్ దగ్గరికి మోశాం. నా నడుము నా మాట వినడం లేదు. ఈయనకు చేప కావాలి. నిజాంపట్నం ఎవరు తీసుకుపోవాలి? రైలు ఎవరు ఎక్కించాలి? ఇవన్నీ లోపల అనుకున్నాను. పైకి మాత్రం సెలవు రోజు పోదామన్నాను. ఇన్ని నెలల్లో ఆయన తనంతట తాను కావాలని అడిగింది అదొక్కటే.

రాణీగంజ్‌లో పంపులు, పైపులు, నట్లు, బోల్టులు అమ్మే షాపుల మధ్య ఒక సందులో గాలాల దుకాణం ఉంది. ఆటోలో పోయాం. దుకాణం భాయ్ నెరిసిన గడ్డం మనిషి, నెమ్మదస్తుడు. మా ఆయన నడక చూసి ఏమీ అడగకుండా స్టూల్ వేశాడు. ఏ చేపకు కావాలన్నాడు. పండుగప్పకు, మొగలో, బతికున్న ఎరతో అని ఈయన చెప్పాడు. భాయ్ కొద్దిసేపు ఆలోచించి, తన దగ్గరికి వచ్చేవాళ్లంతా చెరువులకు, డ్యాములకు పోయేవాళ్లేనని, సముద్రం తాను ఒక్కసారే చూశానని, అదీ బొంబాయిలో పెళ్లికి పోయినప్పుడని ఒప్పుకున్నాడు.

"చేప ఎట్లాంటిదో మీరు చెప్పుండ్రి అన్నా, కర్రలు నేను తీస్తా," అన్నాడు.

అప్పుడు మా ఆయన చెప్పడం షురూ చేశాడు. ఇంటి దగ్గర వారమంతా మాట్లాడేదాని కన్నా ఎక్కువ మాట్లాడాడు. ఎర వేసి ఊరుకోవాలి. చేప వచ్చి ఎరను నోట్లో పెట్టుకున్నప్పుడు దానికి బరువు తగలకూడదు, తగిలితే ఉమ్మేస్తుంది. అందుకని కొస మెత్తగా ఉండాలి. కానీ గాలం పడ్డాక అది నేరుగా మడవేళ్లలోకి పరుగెత్తుతుంది. వేళ్లలో దూరిందంటే దారం తెగినట్టే. దాని మొప్ప అంచు కూడా బ్లేడు లాంటిది. అందుకని ఆపగలిగే బలం కర్ర కింది సగంలో ఉండాలి. మెత్తదనం పైన, మొండితనం కింద. ఆ రెండూ ఒకే కర్రలో కావాలి.

భాయ్ ముందు పన్నెండు అడుగుల కర్ర తీశాడు. అది ఇసుక మీద నిలబడి దూరం విసిరేవాళ్లకని ఈయన వద్దన్నాడు. మొగలో చేప దగ్గరే ఉంటుంది, వేళ్ల పక్కన. తర్వాత ఆరడుగులది, పొట్టిగా, దుడ్డుకర్రలా గట్టిగా ఉన్నది తీశాడు. అది పడవ మీదికి సరిపోతుంది. నేను పడవ ఎక్కలేను కదా అని ఈయన మెల్లగా అన్నాడు.

తర్వాత భాయ్ గోడకు ఆనించి ఉన్నవాటిలోంచి ఎనిమిది అడుగులది, లావుపాటిది ఒకటి ఇచ్చాడు. అది పాత కర్రలాగే ఉంది, రంగు కూడా. ఈయన మొహం వెలిగింది. లేచి నిలబడి, కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేయి వదిలేశాడు. ఎందుకు వదిలేశాడో నాకు తెలుసు. చూసుకోవాలనుకున్నాడు. కర్ర కొస వణకడం మొదలైంది. ఆ వణుకు కిందికి దిగి, చేతి దాకా వచ్చి, కర్ర జారి గాలాల పాకెట్లు వేలాడదీసిన తీగ మీద పడింది. పాకెట్లు కొన్ని రాలాయి. విరిగిందేమీ లేదు. పరవాలేదని భాయ్ అంటూనే ఉన్నాడు, ఈయన కాలీడ్చుకుంటూ బయటికి పోయి రోడ్డు మీద నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను ఏదో అన్నాను, ఇంకో దుకాణం చూద్దామనో ఏమో. ఆ తర్వాత కొన్ని రోజులు ఆయన బంతి కూడా ముట్టలేదు. నూనె రాయబోతే చేయి వెనక్కి తీసుకున్నాడు. వద్దంటే నాకూ కాసేపు నడుము వాల్చే వీలు దొరికినట్టే. కానీ పడుకుంటే నిద్ర పట్టేది కాదు.

ఒకరోజు డ్యూటీ దిగాక నేను మెట్రో వైపు పోకుండా రాణీగంజ్ బస్సు ఎక్కాను. ముందుగా అనుకున్నది కాదు. బస్సు వచ్చింది, సీటు ఖాళీగా కనిపించింది, ఎక్కాను. దుకాణం దగ్గరికి పోయేసరికి నా మొహం ఎట్లా ఉందో ఏమో, భాయ్ ముందు స్టూల్ వేసి, పక్క హోటల్ నుంచి చాయ్ తెప్పించాడు. మా ఆయన తక్లీఫ్ పడుతున్నాడని, ఆయన చేయి పట్టగలిగే కర్ర ఉంటే చూపించమని చెప్పాను.

"తేలికవి ఉన్నయమ్మా. కానీ అన్నకు తేలికది నచ్చదు," అన్నాడు భాయ్.

అది నిజమే. అయినా చూపించమన్నాను. నల్లటి కార్బన్ కర్ర ఒకటి చేతిలో పెట్టాడు. ఈకలా ఉంది. కానీ ముందుకు చాపి పట్టుకుంటే కొద్దిసేపటికే మణికట్టు లాగింది. దాని పక్కదే ఇంకోటి, తూకం ఎక్కువ, కానీ పట్టుకుంటే హాయిగా ఉంది. ఇదేమిటని ఆ రెండూ మార్చి మార్చి పట్టుకున్నాను. తడి దుప్పటిని ఛాతీకి హత్తుకుని మోస్తే మోసినట్టే ఉండదు. అదే దుప్పటిని చేతులు చాపి పట్టుకుంటే భుజాలు ఊడిపోతాయి. కర్ర సంగతీ అంతే. బరువు ఎంతన్నది కాదు, ఎక్కడ ఉందన్నది. భాయ్‌కి ఆ మాట చెబితే తలూపి, దారం చుట్టే రీల్ బిగిస్తే బరువు ఇంకా వెనక్కి వస్తుందని, రీల్ లేకుండా ఏ కర్రనూ ఎంచకూడదని, ఒక్కోదానికి రీల్ బిగించి ఇవ్వడం మొదలుపెట్టాడు. మా ఆయనతో వచ్చిన రోజు భాయ్‌కీ, ఈయనకూ అది తోచలేదు.

ఆ సాయంత్రం, ఆ తర్వాత ఇంకో రెండు సాయంత్రాలు, నేను కర్రలు పట్టుకుంటూనే ఉన్నాను. కొనడానికి వచ్చినవాళ్లు నన్ను వింతగా చూసి పోయేవాళ్లు. భాయ్ కర్ర కొసకు దారం కట్టి, దానికి సీసం గుండ్ల సంచీ వేలాడదీసి చూపించేవాడు. ఒకటి మొత్తం విల్లులా వంగిపోయింది. దానితో పెద్ద చేపను ఆపలేం. ఒకటి అసలు వంగలేదు. చేప ఎరను తాకగానే వదిలేస్తుంది. చివరికి ఒకటి దొరికింది. కొస వైపు మూడోవంతు వేలితో తాకినా వంగుతుంది, అక్కడి నుంచి కిందికి కదలదు. ఫైబర్, కార్బన్ రెండూ కలిపి చేసిందట, గోడకు తగిలితే పుటుక్కున విరిగే రకం కాదు. పిడి పొడుగ్గా ఉంది, మోచేయి దాటి చంక దాకా వస్తుంది. చంకలో ఇరికిస్తే వేళ్ల పట్టుతో పెద్దగా పని లేదు. మధ్యలో అతుకు లేదు, పిడి ఒక్కటే విడిగా వస్తుంది కాబట్టి రైల్లో, ఆటోలో పడుతుంది. రీల్ తిప్పే హ్యాండిల్ ఏ పక్కకైనా బిగించుకోవచ్చు. ఎడమచేత్తో తిప్పేటట్టు బిగించమన్నాను. గీత పడకుండా తెస్తే మార్చి ఇస్తానని భాయ్ మాట ఇచ్చాడు.

ఇంటికి తెచ్చి మంచం మీద పెట్టాను. మా ఆయన సంచీ విప్పి, కొసను వేలితో వంచి చూసి, పిడి చూసి, రీల్ ఏ పక్కకు తిరుగుతుందో చూశాడు. ముందు మెచ్చుకుంటాడనే అనుకున్నాను.

"గిది చెరువు కర్ర," అన్నాడు. "చేప కోసం కొన్నవా, నా చెయ్యి కోసం కొన్నవా?"

నేను చెప్పులు కూడా విప్పలేదు అప్పటికి. గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"నీ చెయ్యి కోసమే. నీకున్నది గా చెయ్యే," అన్నాను. "చేప గురించి నాకేమెరుక. నాకు నీ చెయ్యి ఒక్కటే ఎరుక. రోజూ నేనే గదా దాన్ని పట్టుకునేది."

గట్టిగా అనలేదు. గట్టిగా అనే ఓపిక లేదు. వంటింట్లోకి పోయి బియ్యం కడిగి పెట్టాను. ఆ రాత్రి ఇద్దరం తిని పడుకున్నాం. కర్ర కుర్చీ మీద ఉండిపోయింది.

నాకు సెలవు వచ్చిన రోజు పొద్దున ఆయన నన్ను మేడ మీదికి రమ్మన్నాడు. మెట్లు ఒక్కోటి ఎక్కి అప్పటికే పైన కూర్చుని ఉన్నాడు, ఎట్లా ఎక్కాడో. బకెట్‌లో సగం నీళ్లు పట్టి, దారం చివర దానికి కట్టమన్నాడు. పిడిని చంకలో ఇరికించుకుని, కుడిచేతిని కర్ర మీద ఊరికే ఆనించి, ఒళ్లు వెనక్కి వంచాడు. కొస వంగింది. వంగి, వంగి, ఒకచోట ఆగింది. అప్పుడు బకెట్ నేల మీద నుంచి లేచింది. ఇంకా నీళ్లు పొయ్యమన్నాడు. పోశాను. మళ్లీ లేచింది. పక్క వాటా ఆవిడ బట్టలు ఆరేయడానికి వచ్చి, ఇదేం పనని అడిగి, చేపలకని చెబితే ఏమీ అర్థం కాక దిగిపోయింది.

ఆయన బకెట్‌ను చాలాసేపు దించుతూ లేపుతూ ఉన్నాడు. చెమటలు పట్టాక కర్ర పక్కన పెట్టి, కింది సగం పరవాలేదు అన్నాడు. మంచిగుందని అనలేదు. పరవాలేదు అంతే. తర్వాత ఒక గొట్టం ముక్క కావాలన్నాడు. నేల్లో పాతి కర్రను అందులో నిలబెడితే, చేప తగిలేదాకా చేత్తో పట్టుకునే పని ఉండదు. గొట్టాన్ని నేను అదిమిపెట్టాను, ఆయన ఎడమచేత్తో రంపం పట్టి కోశాడు. కోత వంకరగా వచ్చింది. ఇంతకుముందు ఆయన కోసిన ఏ పైపూ వంకర రాలేదు. ఆ వంకరను ఇద్దరం చూశాం. ఆకురాయితో రుద్ది ఊరుకున్నాం.

సెలవు దొరకడానికి నెల పట్టింది. రేపల్లె బండి ఎక్కి, అక్కడి నుంచి ఆటోలో నిజాంపట్నం పోయాం. ఐస్ ఫ్యాక్టరీలో ఆపరేటర్‌గా చేసి మానేసిన ఒకాయన ఇల్లు ఏటి ఒడ్డునే ఉంది. మా ఆయనకు ఎన్నో ఏళ్ల స్నేహితుడు. ఆయన ఈయన చేతిని ఒకసారి చూసి, ఇంకోసారి చూడలేదు. మేస్త్రిగారూ, ఈ ఏడు నీళ్లలో ఉప్పు ఎక్కువైందండీ అని ఆ కబుర్లే మొదలుపెట్టాడు. నేను ఆయనకు అక్కడే మనసులో దండం పెట్టుకున్నాను.

ఇంటి వెనక పడవలు కట్టే చిన్న చెక్కల జెట్టీ ఉంది. దాని పక్కన మట్టిలో గొట్టం పాతి, కర్ర నిలబెట్టి, కుర్చీ వేశారు. బతికున్న రొయ్యను గాలానికి ఎట్లా గుచ్చాలో మా ఆయన నాకు చెప్పాడు. తోక దగ్గర పైపైన గుచ్చాలి, చావకూడదు. ఆయన వేళ్లతో అది కాదు కాబట్టి నేనే గుచ్చాను. మొదటి రెండు రొయ్యలు నా చేతిలోనే చచ్చాయి.

పొద్దున పోటుకు ఏమీ పడలేదు. చిన్న చేపలు ఎర కొరుక్కుని పోయాయి. ఒక జెల్ల పడింది, ముల్లు గుచ్చుకుంటుందని స్నేహితుడు తీసి వదిలేశాడు. ఎండ ఎక్కింది. బురద వాసన, ఉప్పు వాసన. మా ఆయన కుర్చీలో కదలకుండా కర్ర కొసను చూస్తున్నాడు. నేను జెట్టీ మీద కొంగు తలకు కప్పుకుని కూర్చున్నాను. ఎవరూ నన్ను పిలవడం లేదు, ఏ మిషనూ కూయడం లేదు. కూర్చున్నచోటే నిద్రపోయాను. ఎన్నాళ్ల నిద్రో అది.

పొద్దు వాలుతుండగా నీళ్లు మళ్లీ తిరిగాయి. రీల్ చప్పుడుకు లేచాను. దారం దానంతట అదే బయటికి పోతోంది, మెల్లగా, ఎవరో నడుచుకుంటూ తీసుకుపోతున్నట్టు. కొస వంగి ఉంది. నేను కర్ర మీదికి చేయి చాచాను.

"ఆగు," అన్నాడు మా ఆయన. లేచి నా పక్కకు వచ్చాడు. "మింగనియ్యి. జెర ఆగు." దారం కాసేపు ఆగి, మళ్లీ వేగంగా పోవడం మొదలైంది. "ఇగ బ్రేకు తిప్పు. లేపు."

గొట్టంలోంచి కర్రను లాగి పైకి లేపాను. చేతులు భుజాల దాకా ఒక్కసారి గుంజుకుపోయాయి. పిడిని చంకలో పెట్టుకొమ్మన్నాడు. పెట్టుకున్నాను. అది మడచెట్ల వైపు పోతోందని స్నేహితుడు ఒడ్డు మీద నుంచి అన్నాడు. మా ఆయన నా వెనక నిలబడి, ఎడమచేయి ముందుకు చాపి రీల్ పట్టుకున్నాడు. కుడిచేతిని తెచ్చి కర్ర మీద నా చేతి మీద వేశాడు. దానిలో బలం లేదు. బరువు ఉంది. ఆ బరువు కర్రను కిందికి అదిమి నిలబెట్టింది. కొస పూర్తిగా వంగి, కింది సగం దగ్గర ఆగింది. అది కదలలేదు. దారం నీళ్లను కోసుకుంటూ మడవేళ్ల వైపు పోయి, వాటి ముందే పక్కకు తిరిగింది.

ఒకసారి చేప నీళ్ల మీదికి ఎగిరి తల విదిలించింది. వెండిలా ఉంది, నోరు తెరుచుకుని ఉంది. నేను కర్ర వదిలేయబోయాను.

"వదలకు," అన్నాడు నా చెవి దగ్గర. "నీ చెయ్యి గట్టిదే. నాకెరుక."

ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆయన తిప్పాడు, నేను లాగాను, ఇద్దరం అలిసిపోయి ఆగాం, చేప కూడా ఆగింది. చివరికి స్నేహితుడు మోకాలి లోతు నీళ్లలోకి దిగి చేతివలతో ఎత్తాడు. పండుగప్పే. తొడంత లావు లేదు. నా చేయంత పొడుగు ఉంది. మా ఆయన దాన్ని చూసి, చిన్నదే అన్నాడు. అని, కుర్చీ దాకా పోలేక అక్కడే చెక్కల మీద కూలబడ్డాడు. ఆయన రెండు చేతులూ వణుకుతున్నాయి, మంచిదీ, చెడ్డదీ. నావి కూడా. సంతోషపడ్డామా అని ఎవరైనా అడిగితే, అప్పటికప్పుడు నాకు తెలిసింది భుజం నొప్పి ఒక్కటే.

చేపను స్నేహితుడి భార్య మామిడికాయ వేసి పులుసు పెట్టింది. మా ఆయనకు ముల్లు తీసి పెట్టబోతే, వద్దని ఎడమచేత్తో తానే తీసుకున్నాడు. మర్నాడు గాలం వేయాలని పొద్దున్నే లేస్తాడనుకున్నాను. ఎండ మొహం మీద పడేదాకా లేవలేదు. కర్ర కడిగి సంచీలో పెట్టమన్నాడు. ఆ మధ్యాహ్నమే బయల్దేరాం.

బండిలో కిటికీ పక్కన కూర్చున్నాక, పొలాలు వెనక్కి పోతుంటే అన్నాడు.

"మల్ల వచ్చినప్పుడు కర్ర నువ్వే పట్టు. నేను పక్కన కూసుంట."

"నాకు ఓపిక లేదు," అన్నాను.

"నాకు సుత లేదు," అన్నాడు.

అందులో నవ్వాల్సింది ఏమీ లేదు. అయినా ఆయన కొద్దిగా నవ్వాడు, నోరు ఒక పక్కకే పోయింది. నేనూ నవ్వాను. తర్వాత ఆయన తల నా నొప్పి భుజం మీద ఆనించి నిద్రపోయాడు. జరపాలనుకున్నాను, జరపలేదు.

ఆ తర్వాత ఇంకొకసారి పోయాం. ఆ సారి ఏమీ పడలేదు. చేయి ఎట్లా ఉండేదో అట్లాగే ఉంది, డాక్టర్ ఇక ఇంతేనన్నాడు. నేను ఇప్పటికీ బేగంపేటలో తడి దుప్పట్లు మోస్తున్నాను, చేప పడ్డ ఆ వారమంతా కుడి భుజం లేవక ఎడమ వైపు మోశాను. ఆయన మాత్రం ఒక్కోసారి తనంతట తానే రాణీగంజ్ దాకా నడిచిపోయి, భాయ్ దుకాణంలో కూర్చుని వస్తాడు. మొగకు పోవడానికి కర్ర కావాలని ఎవరైనా అడిగితే, భాయ్ వాళ్లను ఈయన దగ్గరికి పంపిస్తాడట. ఈయన కర్రలు ఎంచిపెడతాడు. వాళ్ల చేతులు ముందు చూస్తాడట.